ఎక్కాల అత్తయ్య చేతిరుమాలు

ఆ వీధిలో ఎవరినైనా ఆపి ట్యూషన్ టీచరుగారి ఇల్లెక్కడ అని అడిగితే తెల్లమొహం వేస్తారు. ఎక్కాల అత్తయ్య ఇల్లు అని అడిగి చూడండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మంలో దించి వస్తారు. నిజానికి అంత శ్రమ కూడా అక్కర్లేదు. బడి విడిచిన కాసేపటికి వీధి మొగలో నిలబడి చెవి ఒగ్గితే చాలు. పిల్లలంతా గొంతు కలిపి ఎక్కాలు చెబుతుంటే ఆ వీధిలో కుక్కలు కూడా మొరగడం వాయిదా వేసుకునేవి.

వరసకు ఆవిడ ఒక్క పిల్లకే అత్తయ్య. మిగతా వీధంతా గౌరవం కొద్దీ మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ అయిపోయారు. ముందు గదిలో నాలుగు బెంచీలు, ఒక బల్ల, మెత్త వేసిన కుర్చీ ఒకటి, కుర్చీలో ఆవిడ, ఆవిడ చేతిలో చెక్క స్కేలు. ఆ స్కేలు ఎన్నడూ ఒక్క పిల్ల మీద పడిన పాపాన పోలేదు. దెబ్బలన్నీ బల్లే తినేది. ఆవిడ ఒక దెబ్బ వేసి "ఏడు మూళ్ళూ" అనగానే పిల్లలంతా "ఇరవై ఒకటీ" అని ఇంటి కప్పు ఎగిరేలా అరవాలి. తాళం తప్పకూడదు.

ఎక్కాల విషయంలో ఆవిడకు ఒక సిద్ధాంతం ఉండేది. "ఎక్కం అంటే తుమ్ములా రావాలి. తుమ్మే ముందు ఎవరైనా ఆలోచిస్తారా? ఆలోచించి చెప్పేది ఎక్కమే కాదు" అనేది.

"ఆలోచించరు గానీ, రుమాలు మాత్రం తీస్తారోయ్" అనేవాడు లోపలి గదిలోంచి మావయ్య. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే పని చేసేవాడు. ఇంట్లో మాట్లాడే అవకాశం తక్కువ కాబట్టి, దొరికిన ఒక్క మాటా గురిచూసి వేసేవాడు.

ఆ రుమాలు సంగతి చెప్పాలి. ఎవరైనా వరస తప్పించి, ఉన్నట్టుండి "అత్తయ్యగారూ, ఎనిమిది ఏడులు ఎంతండీ?" అని అడిగితే ఆవిడ వెంటనే చెప్పేది కాదు. చేతిసంచీలోంచి నీలం అంచు రుమాలు తీసి, మూతికి అడ్డం పెట్టుకుని, తీరిగ్గా తుడుచుకుని, మళ్ళీ మడత పెట్టి, అప్పుడు "యాభై ఆరు" అనేది. చూసేవాళ్ళకు ఆ తీరు మహా గొప్పగా ఉండేది. నిండు కుండ తొణకదంటే ఇదే కాబోలు అని ముచ్చటపడేవారు.

ఆ నిండు కుండ పేరు బడి దాకా పాకింది. కొన్నేళ్ళ కిందట బడిలో పెద్ద టీచరమ్మ ఆవిడను పిలిపించి, పిల్లలకు ఎక్కాలు నిలవడం లేదు, ఏం చెయ్యమంటారని సలహా అడిగింది. ఎక్కాల అత్తయ్య తడుముకోకుండా చెప్పింది. నాలుగో తరగతి దాటే ముందు ప్రతి పిల్లనీ ఒంటరిగా నిలబెట్టి అడగాలి. టక్కున చెబితే పైతరగతి. తడుముకుంటే రానట్టే లెక్క, ఇంకో ఏడాది అక్కడే కూర్చోవాలి. పెద్ద టీచరమ్మకు అది బాగా నచ్చింది. అప్పట్నుంచీ ఏడాది చివర ఆ పరీక్ష జరగడమూ, పెద్ద టీచరమ్మ పక్క కుర్చీలో ఎక్కాల అత్తయ్య కూర్చోవడమూ మామూలైపోయింది. ఆ రోజుకని ఆవిడ రుమాలు ప్రత్యేకంగా ఇస్త్రీ చేసుకునేది.

వరసకు నిజమైన మేనకోడలు ఒక్కతే అన్నానుగా, ఆ పిల్ల మైకు. అది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. తమ్ముడి కూతురు, అదే వీధిలో చివరి ఇల్లు. మనిషి చూస్తే బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. నోరు తెరిస్తే మాత్రం పక్క వీధివాళ్ళు కిటికీలు మూసుకునేవారు. పిట్ట కొంచెం, కూత ఘనం. తమ్ముడు పొద్దున్నే అలారం పెట్టుకోవడం మానేశాడు.

ఆ గొంతు చూసి ఎక్కాల అత్తయ్య మురిసిపోయింది. ముందు బెంచీలో మధ్యన కూర్చోబెట్టి జట్టుకు నాయకురాలిని చేసింది. "మా తమ్ముడి పిల్లని చూసి నేర్చుకోండి, ఎలా చెబుతోందో!" అని మిగతా పిల్లల ప్రాణం తీసేది. ఆ ఎలా చెబుతోందో అన్న సంగతే ఆవిడ చూసుకోలేదు. పక్కపిల్ల నోట "ఇరవై ఒ" అన్న ముక్క వినపడగానే మైకు దాన్ని గాల్లోనే అందుకుని "కటీ" అని అంత గట్టిగా ముగించేది. ఆ హోరులో వెనక తోక మాత్రమే వినిపించేది, ముందు ముక్క ఎవరిదో తేలేది కాదు. పాపం పిల్లకు మోసం చేస్తున్నానన్న ధ్యాస లేదు. ఎక్కాలు చెప్పడమంటే ఇదేనని, అందరూ ఇలాగే చేస్తారని అనుకుంది.

ఒకరోజు పెద్ద వాన. ట్యూషన్‌కు ఎవరూ రాలేదు, దగ్గర ఇల్లు కాబట్టి మైకు ఒక్కతే వచ్చింది. ఎక్కాల అత్తయ్యకు ఉత్సాహం పొంగుకొచ్చింది. ఇవాళ ఈ వజ్రానికి ఇంకాస్త సాన పెడదామనుకుంది.

"కానియ్యవే తల్లీ. ఏడు నాలుగులూ?" అని స్కేలు కొట్టింది.

వాన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మైకు పక్కకు చూసింది. పక్కన బెంచీ ఖాళీ.

"ఏడు నాలుగులే! ఏంటి, గొంతు నొప్పా?"

"పదిహేడా అత్తా?"

"వేళాకోళమా? ఆరు మూళ్ళు చెప్పు."

"ముప్ఫై..." అంది మైకు, అత్త మొహంలో మిగతా ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతుకుతూ.

ఎక్కాల అత్తయ్యకు అప్పుడు అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఒళ్ళు మండింది. పిల్ల మీద మండిందా, వీధంతా చాటింపు వేసిన తన నోటి మీద మండిందా అంటే చెప్పడం కష్టం. మండిన మంట మాత్రం పిల్ల మీదే పడింది. "ఇన్నాళ్ళూ గుంపులో గోవిందా అన్నమాట! ఇంత నోరేసుకుని ఒక్క ఎక్కం రాదు! నిన్ను చూసి నేర్చుకోమని అందరికీ చెప్పానే, నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని కడిగేసింది. గొడుగు పట్టుకుని కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చిన మరదలు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కూతుర్ని గొడుగు కిందికి లాక్కుని తీసుకెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మైకు మూగబోయింది. ట్యూషన్‌కు వచ్చేది, కూర్చునేది, పెదాలు కదిపేది. గొంతు బయటికి వచ్చేది కాదు. బడిలో కూడా అంతేనట. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా అమ్మ కొంగు పట్టుకుని చెవిలో అడిగేదట. "పొద్దున్నే మెలకువ రావడం లేదక్కా" అన్నాడు తమ్ముడు. నవ్వుతూ అందామనుకున్నాడు గానీ, నవ్వు రాలేదు.

ఎక్కాల అత్తయ్య ఊరుకునే మనిషి కాదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పిల్లను విడిగా కూర్చోబెట్టి వల్లె వేయించింది, రాయించింది, మళ్ళీ వల్లె వేయించింది. పిల్ల మొండికెయ్యలేదు. చెప్పిందల్లా చేసింది. సాయంత్రానికి వచ్చిన ఎక్కం పొద్దుటికి ఆవిరైపోయేది. మళ్ళీ మొదలుపెట్టేవారు, మళ్ళీ ఆవిరి. ఒకనాడు ఆ పిల్ల ఏడుపు దిగమింగుతూ నాలుగో ఎక్కం అయిదోసారి రాస్తుంటే, ఎక్కాల అత్తయ్యకు మొదటిసారి భయం వేసింది. నాలుగో తరగతి పరీక్ష దగ్గరపడుతోంది. ఈ పిల్ల ఒక్కతే పాత తరగతిలో మిగిలిపోతుంది. ఆ నియమం పెట్టించింది తనే. ఆ తర్వాత ఈ గొంతు ఇక ఎప్పటికీ లేవదేమో.

అప్పుడే బడి నుంచి చిన్న టీచరు వచ్చింది. కొత్తగా చేరిన పిల్ల, చదువులో వెనకబడే పిల్లలకు నేర్పడమే ఆమె ప్రత్యేకంగా చదువుకుంది. బల్ల మీద స్కేలు గుంటలు చూసి కాస్త దూరంగా జరిగి కూర్చుంది.

"అత్తయ్యగారూ, పాపది బద్ధకం కాదండి. కథ చెప్తే ఒక్కసారికే పట్టేస్తుంది. ఎక్కాలు మాత్రం నిలవవు. కొంతమంది పిల్లలకి అంతే, ఎంత వల్లె వేయించినా జారిపోతాయి. వాళ్ళకి వచ్చినవాటి మీంచి రానివాటికి దారి వెయ్యాలి. రెళ్ళూ అయిదులూ పదులూ వచ్చుగా? అక్కణ్ణుంచి నడిపించండి. ఏడు మూళ్ళైనా మూడు ఏడులైనా ఒకటేనని చూపిస్తే సగం బరువు అక్కడే దిగిపోతుంది. రోజుకి ఒకటో రెండో చాలు. స్కేలు కొట్టకండి, తొందరపెట్టకండి."

"అంటే ఆలోచించి చెప్పమంటావా?" అంది ఎక్కాల అత్తయ్య, పప్పులో రాయి తగిలినట్టు మొహం పెట్టి. "అది ఎక్కం ఎలా అవుతుందమ్మా?"

"చూపు ఆనని పిల్లకి జోడు పెడతాం గానీ, కళ్ళు చించుకుని చూడమంటామా?" అన్నాడు మావయ్య లోపల్నుంచి.

"మీ దుకాణం ఇక్కడ తెరవకండి!"

అలా కసిరింది గానీ, చిన్న టీచరు వెళ్ళిపోయాక వీధి తలుపు గడియ పెట్టింది. తన సిద్ధాంతానికి తనే తూట్లు పొడుస్తుంటే నలుగురూ చూడటం ఆవిడకు ఇష్టం లేదు. మావయ్య దుకాణంలో పారేస్తామంటే తెచ్చుకున్న కళ్ళజోళ్ళ ట్రే ఒకటి అటక మీద ఉంది. దాంట్లో వరసకు ఎనిమిది గళ్ళు. ఎందుకో గానీ అయిదు గళ్ళయ్యాక నిలువునా ఒక చెక్క పట్టీ, దాని అవతల మూడు గళ్ళు. దాన్ని దించి, దుమ్ము దులిపి, గుండీల డబ్బా తెచ్చి మైకు ముందు పెట్టింది.

"గడికొక గుండీ పెట్టు. వరసకి ఎనిమిది, అలాంటివి ఏడు వరసలు. ఎన్నయ్యాయో చెప్పు. లెక్కపెట్టకుండా."

మైకు చాలాసేపు చూసింది. ఎక్కాల అత్తయ్య చెయ్యి అలవాటుగా స్కేలు కోసం వెళితే, దాన్ని రెండో చేత్తో పట్టుకుని కూర్చుంది. పిల్ల పట్టీకి అవతల ఉన్న గుండీలను అరచేత్తో మూసింది.

"ఇటు ఏడు అయిదులు. ముప్ఫై అయిదు" అంది గుసగుసగా. చెయ్యి తీసింది. "అటు మూడేసి. ఏడు రెళ్ళు పద్నాలుగు, ఇంకో ఏడు, ఇరవై ఒకటి. అన్నీ కలిపితే..." కాస్త ఆగింది. "యాభై ఆరు."

ఎక్కాల అత్తయ్య ఒక్కో గుండీ ముట్టుకుంటూ తనే లెక్కపెట్టి చూసుకుంది. మర్నాడు మళ్ళీ అడిగింది. ఎక్కం గుర్తులేదు, దారి మాత్రం గుర్తుంది. ట్రే తీసేసి అడిగితే, పిల్ల ఖాళీ బల్ల మీదే పట్టీ ఉందనుకుని అరచెయ్యి మూసి మరీ చెప్పింది. రోజుకొకటి చొప్పున దారులు పడుతూ వచ్చాయి. గొంతు మాత్రం గుసగుస దాటలేదు.

"గట్టిగా చెప్పవే, సరిగ్గానే చెబుతున్నావుగా!"

"ఇది ఎక్కం కాదుగా అత్తా. ఆలోచించి చెప్పేది ఎక్కం కాదన్నావుగా."

అప్పుడు మైకు, ఎగతాళికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "నీకు తుమ్ములా ఎలా వస్తాయత్తా? ఏదీ, ఎనిమిది ఏడులు చెప్పు."

చెయ్యి దానంతట అదే చేతిసంచీలోకి వెళ్ళింది. రుమాలు మూతి మీదికి వచ్చింది. మైకు బెంచీ దిగి దగ్గరికి వచ్చి, రుమాలు కొస పట్టుకుని కిందికి లాగింది.

రుమాలు వెనక పెదాలు పరుగులు తీస్తున్నాయి. ఎనిమిది ఒకట్ల ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు, ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు...

చిన్నప్పుడు పాటలా పట్టిన ఎక్కాలవి. పాటకు మధ్యలో తలుపు ఉండదు. ఏది కావాలన్నా ఆవిడ మొదటినుంచీ పాడుకుంటూ రావాల్సిందే. ఇన్నేళ్ళూ వీధి వీధంతా ముచ్చటపడిన ఆ నిదానం వెనక సంగతి ఇదీ.

మైకు పకపకా నవ్వింది. వానరోజు తర్వాత ఆ ఇంట్లో ఆ నవ్వు వినపడటం అదే మొదలు. వంటింట్లో గిన్నె మోగింది. "నువ్వూ పాడుకుంటూ వస్తున్నావా అత్తా!"

"ష్! ఎవరితోనూ అనకే తల్లీ. నా పరువు పోతుంది" అని ఎక్కాల అత్తయ్య పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"అనను" అంది మైకు, మళ్ళీ గుసగుసగా.

పరీక్ష రోజు వచ్చింది. పెద్ద టీచరమ్మ గదిలో పొడుగు బల్ల, దాని వెనక రెండు కుర్చీలు. ఒకదాంట్లో పెద్ద టీచరమ్మ, రెండోదాంట్లో ఇస్త్రీ రుమాలుతో ఎక్కాల అత్తయ్య. తలుపు దగ్గర చిన్న టీచరు. గది బయట బెంచీల మీద నాలుగో తరగతి పిల్లలంతా, కిటికీ అవతల వాళ్ళ అమ్మానాన్నలు. ఒక్కొక్కరే వచ్చి టకటకా చెప్పి వెళ్ళారు. మైకు వంతు వచ్చింది.

"అయిదు ఆర్లు?"

"ముప్ఫై" అంది మైకు. చెవి పెడితే గానీ వినపడలేదు.

"ఏడు ఎనిమిదులు?"

మైకు చూపు బల్ల అంచు మీదికి వెళ్ళింది. అరచెయ్యి మెల్లిగా లేచి కనపడని గుండీలను మూసింది. పెదాలు కదిలాయి.

"ఆలోచిస్తున్నావేంటమ్మా? టక్కున రావాలి" అంది పెద్ద టీచరమ్మ. చెడ్డ మనిషి కాదు, నియమం నియమమే అనుకునే మనిషి.

"కాస్త ఆగితే చెప్తుంది మేడమ్" అంది చిన్న టీచరు.

"ఆగకూడదనేగా పరీక్ష. తడుముకుంటే రానట్టే లెక్క. ఈ మాట చెప్పింది అత్తయ్యగారే. సొంత మేనకోడలని నియమం మారిస్తే నలుగురూ ఏమంటారు? అంతేనాండీ?" అని ఎక్కాల అత్తయ్య వైపు తిరిగింది.

మైకు చెయ్యి బల్ల మీంచి జారిపోయింది. తలెత్తి అత్త వైపు చూసింది. "అత్త కూడా ఇలా ఆగే చెబుతుందండీ" అని ఆ పిల్ల ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట ఆ పిల్ల నోటి దాకా వచ్చిందని కళ్ళు చూస్తే తెలుస్తూనే ఉంది. అనలేదు. మాట ఇచ్చింది కదా. పెదాలు బిగపట్టి, తల దించుకుని, పాత తరగతికి వెళ్ళిపోవడానికి సిద్ధపడి నిలబడింది.

ఎక్కాల అత్తయ్య తన చేతిలోని రుమాలు కేసి చూసుకుంది. ఇంత పిల్ల తన పరువు కోసం ఏడాది చదువు ఒదులుకుంటోంది. ఆ పరువు చూస్తే రుమాలంత.

"నన్ను అడగండి" అంది లేచి నిలబడి.

"ఏంటండీ?"

"ఎనిమిది ఏడులు ఎంతో నన్ను అడగండి మేడమ్."

పెద్ద టీచరమ్మ నవ్వింది. "మిమ్మల్ని అడగడమేంటండీ! సరే, ఎనిమిది ఏడులు?"

ఎక్కాల అత్తయ్య రుమాలు బల్ల మీద పెట్టేసింది. కిటికీ అవతల జనం చూస్తున్నారు. తమ్ముడూ మరదలూ చూస్తున్నారు. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి, అందరికీ వినపడేలా, మొదటినుంచీ మొదలుపెట్టింది.

"ఎనిమిది ఒకట్ల ఎనిమిది. ఎనిమిది రెళ్ళు పదహారు..."

పెద్ద టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"నాకు ఎప్పుడూ ఇంతేనండి. ఇలా వస్తే గానీ రాదు. ఇన్నేళ్ళూ రుమాలు చాటున దాచుకున్నాను. తడుముకుంటే రానట్టే అయితే, ముందు నన్ను నాలుగో తరగతిలో కూర్చోబెట్టండి" అని ఊపిరి తీసుకుని, తాళం తప్పకుండా మళ్ళీ అందుకుంది. "ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు. ఎనిమిది నాలుగులు..."

మైకు అరచెయ్యి బల్ల మీదికి వచ్చింది. అత్త మొహం చూసింది, కనపడని గుండీలను చూసింది.

"యాభై ఆరూ!"

బయట బెంచీల మీద పిల్లలు ఉలిక్కిపడ్డారు. కిటికీ అవతల తమ్ముడు మొహం చాటేసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పెద్ద టీచరమ్మ ఒక చెవి మూసుకుని, రెండో చేత్తో బయట పైతరగతికి దాటిన పిల్లల బెంచీ వైపు చూపించింది. "వెళ్ళి అక్కడ కూర్చో తల్లీ. ఈ నియమం సంగతి మనం రేపు కూర్చుని మాట్లాడుకుందాం" అంది, చిన్న టీచరు వైపు చూస్తూ.

మైకు మాత్రం కదల్లేదు. అత్త చెయ్యి పట్టుకుని లాగింది. "అయిపోయిందత్తా! నేను చెప్పేశా! పద!"

"ఉండవే" అంది ఎక్కాల అత్తయ్య. మధ్యలో ఆపడం ఆవిడకు చేతకాదు మరి. అందరూ నిలబడి చూస్తుండగా, నెమ్మదిగా, ఎనిమిది పదులు ఎనభై దాకా వెళ్ళి, అప్పుడు పిల్ల వెంట నడిచింది.